ఏడు గ్రాముల సవతి

నేను ఒక పిట్ట మీద కుళ్ళుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది గాని, జరిగింది జరిగినట్టు చెబితేనే తరవాతి సంగతి మీకు బోధపడుతుంది. మనిషి మీద కుళ్ళుకుంటే నలుగురిలో చెప్పుకోవచ్చు, వాళ్ళలో ఒకరైనా మన పక్షాన మాట్లాడతారు. పిట్ట మీద కుళ్ళుకున్నవాడికి ఆ అదృష్టం కూడా లేదు.

మా ఆవిడ సూర్యావతి తొంభై రెండులో బహ్రెయిన్ వచ్చింది. అరాద్‌లో, విమానాలు నెత్తిమీంచి దిగే చోట, ఒక పెద్ద ఇంట్లో పని. నేను మలికిపురం దగ్గర మా ఊళ్ళో కొబ్బరికాయలు దింపుకుంటూ, మా పాపని చూసుకుంటూ ఉండిపోయాను. మధ్యలో ఒక్కసారి నెల రోజుల సెలవు మీద వచ్చి వెళ్ళింది. తొంభై ఏడు మార్చిలో ఆ ఇంటి తోటమాలి పని మానేస్తే, కఫీల్‌ని బతిమాలి నాకు వీసా తీయించింది. కఫీల్ అంటే మన వీసా తన చేతిలో ఉన్న యజమాని. ఆయన మంచివాడే. తోటలో రెండు గంటలు పని చేస్తే ఓ సీసా చల్లటి నీళ్ళు పంపించేవాడు.

ఆ వీసా కాగితాలు నింపేటప్పుడు ఒక ముచ్చట జరిగిందట. మీ ఆయన పేరేమిటని కఫీల్ అడిగితే మా ఆవిడ చెప్పలేదు. తన పాస్‌పోర్టు తెచ్చి, మొగుడి పేరు రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించింది. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో 'ఏవండీ' తప్ప ఆవిడ నోట నేను ఇంకో పిలుపు ఎరగను. పరాయి దేశంలో కూడా నా పెళ్ళాం ఆ కట్టు తప్పలేదని తెలిసి, విమానం ఎక్కేలోపు ఊళ్ళో పదిమందికి చెప్పుకుని తిరిగాను.

పాపని మా అమ్మ దగ్గర వదిలి, అంత మురిపెంతో వచ్చినవాణ్ణి. మొదటి రోజు పెట్టె కింద పెట్టానో లేదో, "రండి, మీకొకటి సూపిత్తాను" అంది. చిక్కిపోయారనలేదు, అన్నం తిన్నారా అనలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ముందు నడిచింది. ఇంటి వెనక ఒక అద్దాల గది ఉంది. దానికి రెండు తలుపులు. బయటి తలుపు వేశాకే లోపలిది తియ్యాలి. లోపల కుండీల్లో ఆకులే ఆకులు, పైనుంచి సన్నగా పొగమంచులాగా నీళ్ళ తుంపర, గోడకి ఏసీ. కొమ్మ మీద నా బొటనవేలంత పిట్ట కూచుని ఉంది.

"తేనెపిట్ట" అన్నాను. మా కొబ్బరితోటల్లో బోలెడన్ని చూశాను.

"కాదండి. దీన్ని హమ్మింగ్‌బర్డ్ అంటారు. మన తేనెపిట్టకి కొమ్మ కావాల. దీనికక్కర్లేదు, సూడండి."

పిట్ట కొమ్మ వదిలి వచ్చి మా ఆవిడ మొహానికి జానెడు దూరంలో గాల్లో నిలబడిపోయింది. ఎగరడం కాదు, నిలబడడమే. రెక్కలు కనబడవు, టేబుల్ ఫ్యాన్ పక్క గదిలో తిరుగుతున్నట్టు చప్పుడు మాత్రం వినబడుతుంది. తలా గొంతూ ముదురు నీలం. వీపు ఆకుపచ్చ, అదీ వెలుతురు పడ్డప్పుడు పట్టుచీర మడతలాగా మెరిసే ఆకుపచ్చ. పొట్ట తెలుపు, తోక తెలుపు, మెడ వెనక నెలవంక లాంటి తెల్లటి పట్టీ. ఒక క్షణం ఆవిణ్ణి చూసి, వెనక్కి తిరక్కుండా వెనక్కే పోయింది. వెనక్కి పోయే పిట్టని నేను అంతకు ముందు చూడలేదు. బాగుందని ఒప్పుకోవాలి. కానీ మా ఆవిడ దాన్ని చూసే చూపు ఉందే, అది నాకు అస్సలు బాగాలేదు. అలాంటి చూపు చూస్తుందనే ఆశతోనే నేను అంతదూరం నుంచి వచ్చాను.

కఫీల్ తొంభై మూడులో యూరప్‌లో పిట్టలు పెంచేవాళ్ళ దగ్గర మూడింటిని కొని తెచ్చాడట. రెండు పోయాయి, ఇదొక్కటి మిగిలింది. తెల్లమెడ జాకోబిన్ అని దాని జాతి పేరు. బరువు ఏడు గ్రాములు. పిట్టల డాక్టరు నగల కొట్లో ఉండేలాంటి బుల్లి త్రాసు మీద తూచి తలుపు పక్కన కార్డు మీద రాసి పెట్టాడు. కఫీల్ కూతురు యుస్రా, మా ఆవిడా కలిసి దాన్ని సాకారు. ఆ పిల్ల పోయినేడు లండన్ చదువుకి వెళ్ళిపోయింది. కఫీల్ దాన్ని 'తైర్' అంటాడు. అరబ్బీలో తైర్ అంటే పిట్ట అనే.

నాలుగో తరగతి చదివిన మా ఆవిడకి దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ నోటికొచ్చు. యుస్రా బొమ్మల పుస్తకం చూపించి చెప్పిందట. మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఎప్పుడూ తడిగా ఉండే వేడి అడవులు దాని ఇల్లు. మన ఇంటి చూరంత ఎత్తున కాదు, కొబ్బరిచెట్టుకి రెండింతలు ఎత్తున చెట్ల తలల మీద పూలుంటాయి, అక్కడ తిరుగుతుంది. అడవి అంచున కాఫీ తోటల్లోకి, కోకో తోటల్లోకి కూడా దిగి వస్తుంది. ఇవన్నీ అన్నం వడ్డిస్తూ చెప్పేది. మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు మారాడని నేను చెబితే మాత్రం "అలాగా" అని ఊరుకునేది.

దాని సేవ చూడాలి మీరు. ఒక వంతు పంచదారకి నాలుగు వంతుల నీళ్ళు కలిపి, కాచి, చల్లార్చి, చివర ఎర్రరంగు వేసిన గాజు గొట్టాల్లో పోయాలి. పూటపూటకీ గొట్టాలు వేణ్ణీళ్ళతో కడగాలి. తీపి ఒక్కటే అయితే పిట్టకి బలం చాలదట. అందుకని ఓ మూల బిందెలో అరటి తొక్కలు కుళ్ళబెట్టి సన్న నుసుములు పెంచేది. మూత తియ్యగానే అవి పొగలా లేస్తే, పిట్ట గాల్లోనే ఒక్కొక్కటీ పట్టుకు తినేది. దానికి తాజా ఈగలు, నాకు పొద్దుటి పప్పు. ఇది నేను పైకే అన్నాను. మా ఆవిడ నవ్వలేదు.

కడుపు మండే సంగతి ఇది కూడా కాదు. ఆవిడ దానితో మాట్లాడేది. నేను తోటలో ఉండి అద్దాల్లోంచి చూసేవాణ్ణి. పెదాలు కదులుతుండేవి, మధ్యలో చిన్న నవ్వు, మళ్ళీ పెదాలు కదిలేవి. అద్దం మందం, దానికి తోడు ఏసీ రొద, మాట ఒక్కటీ వినబడేది కాదు. సరే, మనం కూడా వెళ్ళి విందామని లోపలి తలుపు తియ్యగానే ఆవిడ నోరు ఠక్కున మూతపడేది.

"ఏటి మాటాడతన్నావు దాంతో?"

"ఏం లేదండి."

"ఏం లేకపోతే నన్ను సూసి ఆపేత్తావేం?"

"పనుందండి, తప్పుకోండి."

ఒకటి రెండుసార్లయితే ఊరుకుందును. రోజూ ఇదే వరస. ఐదేళ్ళ తరవాత మొగుడు వస్తే దాచుకునే మాటలు ఆవిడకేమున్నాయి, అవి పిట్టతో చెప్పడమేమిటి. పక్క మీద అటు తిరిగి పడుకునేవాణ్ణి. ఏమైందని అడుగుతుందేమోనని చూసేవాణ్ణి. పొద్దుట నాలుగున్నరకి లేచే మనిషికి అడిగే ఓపిక ఎక్కడుంటుంది, అప్పటికే నిద్రపోయేది.

ఆ మధ్యలో ఒక శుక్రవారం గుదైబియా బజారుకి వెళ్ళి ఎర్రచొక్కా కొనుక్కున్నాను. వేసుకుని అద్దాల గదిలోకి వెళితే పిట్ట బాణంలా వచ్చి నా మూడో గుండీని ముక్కుతో పొడిచింది. మా ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎంతకాలమైందో. "దానికి ఎరుపంటే పేణం అండి" అంది. చొక్కా బాగుందని మాత్రం అనలేదు. ఆ చొక్కా మళ్ళీ వేసుకోలేదు.

గుదైబియాలో లాండ్రీలో ఇస్త్రీ చేసే పేరయ్య మా పక్క ఊరివాడు, వరసకి బావమరిది. వాడి దగ్గర నోరు జారాను. వాడు ఇస్త్రీపెట్టె నిలబెట్టి మరీ నవ్వాడు.

"ఆడోళ్ళకి సవతులుంటారని ఇన్నాను బావా. మగోడివి, నీకెలా వొచ్చింది? ఎంత బరువుంటాదేటి మీ సవతి?"

"ఏడు గ్రాములు" అన్నాను, ఒళ్ళు మండి.

"మరి నువ్వు డెబ్బై కేజీలు. దాంతో నీకు పోటీ ఏంటి?"

అదే కదా నా బాధ. డెబ్బై కేజీలు ఉండి కూడా ఓడిపోతున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పిట్టకీ నాలాంటి బుద్ధే. గొట్టం దగ్గర అద్దంలో తన నీడ కనబడితే, అదెవరో తన తేనె తాగడానికి వచ్చారనుకుని ముక్కు గురిపెట్టి మీద పడేది. అలిసిపోయేదాకా తరిమేది. దాన్ని చూసినప్పుడల్లా నా మొహం నాకే గుర్తొచ్చి, ఇంకా కోపం వచ్చేది.

జూలై వచ్చింది. బహ్రెయిన్‌లో జూలైలో తోటపని చేసినవాడికి నరకం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక సాయంకాలం కఫీల్ భార్య, అంటే మా మేడమ్, మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని మనామాలో దర్జీ దగ్గరికి వెళ్ళింది. నేను చెమటతో తడిసిన ఒంటితో అద్దాల గదిలోకి వెళ్ళి కూచున్నాను. ఆ గది ఎప్పుడూ ఇరవై ఏడు డిగ్రీల్లోనే ఉండాలి, మీట ముట్టుకోవద్దని మా ఆవిడ చెప్పింది. ఇరవై ఏడంటే నాకు ఉక్కే. పిట్ట కొమ్మ మీంచి తల వంకరగా పెట్టి నన్ను చూస్తోంది. నీకోసం నేను చెమటలు కక్కాలా అనుకున్నాను. ఏసీ మీటని చివరికంటా చల్లటి వైపుకి తిప్పాను. చల్లదనం కోసమే తిప్పానని మీతో చెప్పవచ్చు. సగం దానికోసమే. మిగతా సగం, దీనికి కూడా కాస్త ఇబ్బంది ఎలా ఉంటుందో తెలియాలని. ఇంతలో కఫీల్ బండి కడగమని కేక వేశాడు. పరిగెత్తాను. మీట సంగతి మళ్ళీ నాకు గుర్తులేదు. మా ఆవిడ చీకటిపడ్డాక వచ్చింది, పిట్ట నిద్రపోయే వేళని గదిలోకి వెళ్ళలేదు.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. మీట గుర్తొచ్చింది. మా ఆవిడ వంటింట్లో పంచదార నీళ్ళు కాస్తోంది. చప్పుడు చెయ్యకుండా అద్దాల గదికి వెళ్ళాను. లోపల వణుకు పుట్టే చలి. పిట్ట కొమ్మ మీదే ఉంది, ఈకలు ఉబ్బి, ముక్కు పైకెత్తి, కళ్ళు మూసుకుని. వేలితో తాకాను, కదల్లేదు. అరచేతిలోకి తీసుకుంటే గులకరాయిలా చల్లగా ఉంది. ఊపిరి ఉందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను, ఏమీ లేదు.

నిజం చెప్పేస్తున్నాను. మొట్టమొదట నాకు సంతోషం కలిగింది. రెప్పపాటు కాలమే, కానీ కలిగింది. వెంటనే మా ఆవిడ మొహం కళ్ళ ముందు కనబడింది. ఇది నేను చేసిన పని అని తెలిస్తే ఆవిడ నాతో ఈ జన్మలో మాట్లాడదు. కఫీల్ సంగతి తరవాత. మీట మళ్ళీ ఇరవై ఏడుకి తిప్పి, పిట్టని చొక్కా జేబులో వేసుకుని, తోట చివర కాగితంపూల పొద వెనక్కి పోయాను. తలుపు ఎలాగో తెరుచుకుని ఎగిరిపోయిందంటే నమ్ముతుందని రెండు తలుపులూ ఓరగా వదిలేసి మరీ వచ్చాను. మోకాళ్ళ మీద కూచుని బొరిగెతో గొయ్యి తవ్వడం మొదలుపెట్టాను. దానికి ఎంత గొయ్యి కావాలి, నాలుగు అంగుళాలు చాలు. కానీ అక్కడి మట్టి ఎండకి రాయిలా అయిపోయింది, ఎంత పొడిచినా రేగదు. బయట అప్పటికే ఉడికిపోతోంది, చెమటకి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

అప్పుడు వినబడింది.

"అప్పాజీ."

నా పేరు. మా ఆవిడ గొంతు. ముందు నా చెవుల్ని నేనే నమ్మలేదు. మళ్ళీ పిలిచింది. ఏడుపు కలిసిన గొంతుతో తోటంతా వినబడేలా, "అప్పాజీ, ఎక్కడున్నావు నాన్నా, రా, అప్పాజీ."

పద్నాలుగేళ్ళు. నేను కనబడకపోయేసరికి భయపడి, కట్టూ గిట్టూ మరచిపోయి నన్ను పేరు పెట్టి పిలుస్తోంది అనుకున్నాను. చేతిలో బొరిగె చేతిలోనే ఉంది, పొద వెనకనుంచి లేచి నిలబడి "ఏటే, ఇక్కడున్నాను" అని పలికాను.

ఆవిడ నన్ను చూసి ఆగిపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతిలో గాజు గొట్టాలు కిందపడి పగిలాయి. నేను దగ్గరికి నడిచాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కళ్ళు చెమర్చాయి.

"నన్ను పేరెట్టి పిలిచావు" అన్నాను.

"మిమ్మల్ని కాదండి" అంది.

ఆవిడ చూపు నా మొహం మీద లేదు, నా జేబు మీద ఉంది. జేబు వణుకుతోంది. నా గుండే అలా కొట్టుకుంటోందనుకున్నాను. కాదు, లోపల్నుంచి పక్క గదిలో ఫ్యాన్ తిరుగుతున్నట్టు సన్నటి చప్పుడు వస్తోంది.

"నొక్కకండి. పైన సెయ్యి అడ్డంగా పెట్టి అలాగే నడవండి" అంది. అంత నెమ్మదిగా మాట్లాడడం ఆవిడకి ఎలా చేతనైందో. బయటి తలుపు వేసింది, లోపలి తలుపు తీసింది, నన్ను లోపలికి తోసి అదీ వేసింది. అప్పుడు చెయ్యి తియ్యమంది. నీలం తల ఒకటి జేబులోంచి బయటికొచ్చింది. అంచు మీద కాసేపు కూచుని వణికింది. తరవాత ఒక్క ఊపున లేచి, నిన్నటి గొట్టంలో మిగిలిన నీళ్ళ దగ్గరికి పోయి గటగటా తాగింది.

"సచ్చిపోయిందనుకున్నాను" అన్నాను.

"సావలేదు. సల్లబడితే అలాగైపోద్ది, మళ్ళీ వెచ్చబడితే లేత్తాది. డాక్టరు గారు మొదటేడే సెప్పేరు." ఆవిడ ఏసీ మీట వైపు చూసింది, నా చేతిలో బొరిగె వైపు చూసింది, గోళ్ళలో మట్టి చూసింది.

కింద చతికిలబడింది. నేను నిలబడే ఉన్నాను. తనే మొదలుపెట్టింది.

"యుస్రా పెట్టిందండి ఆ పేరు. మీ ఆయన పేరేటని రోజూ ఒకటే గొడవ. నేను సెప్పలేదు. నా పాస్‌పోర్టులో సూసి, నా పంతం ఇరగ్గొట్టాలని పిట్టకి పెట్టేసింది. పేరెట్టి పిలిత్తేనే గొట్టం ఇత్తానంది. ఇది ఆకలికి ఆగేది కాదు కదండీ, గంటగంటకీ తాగాల. కళ్ళు మూసుకుని అనేశాను. ఆ రాత్రి నిద్దర్లేదు, మీకేమైపోద్దోనని. పదిరోజులకి మీ ఉత్తరం వొచ్చింది, కులాసా అని. అప్పుడు బయ్యం తగ్గింది."

"తరవాత?"

"తరవాతేటుంది, అలవాటైపోయింది. ఇన్నేళ్ళు ఎవురితో మాటాడతాను? పాపకి జొరమొచ్చిందని, పాప ప్యాసయిందని, మేడమ్ కసిరిందని, అన్నీ దానికే సెప్పేదాన్ని. మీకు సెప్పినట్టే. ఇప్పుడు మీరొచ్చేరు. మీ మొహం మీద మీ పేరెలా అంటాను? పిలవకపోతే అది దగ్గరికి రాదు. అందుకే మిమ్మల్ని సూసి నోరు మూసుకునేది."

అని నా వైపు తలెత్తి, గొంతు పెంచకుండానే అడిగింది. "మీరు పాతిపెట్టబోయింది ఎవర్నో తెల్సా?"

బయటికొచ్చి సగం తవ్విన గొయ్యి పూడ్చేశాను.

ఆ రోజంతా నా లోపల సిగ్గూ సంతోషమూ కలిసి తిరిగాయి. నా పేరు ఆ ఇంట్లో నాకంటే నాలుగేళ్ళు ముందే వచ్చి ఉంది. కానీ మీరు నన్ను మారిపోయాననుకుంటే పొరపాటు. సాయంకాలానికి మళ్ళీ కుళ్ళు మొదలైంది, ఈసారి ముందుకంటే ఎక్కువ. నాకు రావలసిన మాటలన్నీ నా పేరు పెట్టుకుని అది తినేసింది. పాపకి జ్వరమొస్తే ఆవిడ ఏమని ఏడ్చిందో దానికి తెలుసు, నాకు తెలియదు. పేరయ్యకి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు.

నాతో మా ఆవిడ వారం రోజులు ముక్తసరిగా ఉంది. ఎనిమిదో రోజు నుంచి అద్దాల గదికి ఓ పక్క పైన ఉన్న చిన్న జాలీ కిటికీ తలుపు తీసి పెడుతోంది. అంతకు ముందు ఎప్పుడూ తియ్యలేదు. ఎందుకని అడిగితే "గాలికండి" అంది. జూలైలో బహ్రెయిన్‌లో గాలేమిటని నేను అడగలేదు. ఆ కిటికీ కింద ఒక మల్లెపాదు వేశాను. దానికి రోజూ పొద్దుటే నీళ్ళు పెట్టాలని చెప్పాను. పెట్టండి అంది.

ఇప్పుడు రోజూ తెల్లవారగానే పైపు పట్టుకుని ఆ గోడ పక్కన నిలబడతాను. నేను దగ్గర్లేనని ఆవిడ అనుకోవాలని ముందు గేటు దగ్గరికి పోయి గట్టిగా దగ్గి, తరవాత చెప్పులు చేత్తో పట్టుకుని వస్తాను. లోపల గొట్టాలు తగిలించే చప్పుడు వినబడుతుంది. ఆ తరవాత ఆవిడ నెమ్మదిగా, "అప్పాజీ, రా" అంటుంది. ప్రతిసారీ పలకబోతాను. పలికితే రేపటి నుంచి పిలవదని తెలుసు. నోరు మూసుకుని పాదులో నీళ్ళు నిండేదాకా చూస్తూ ఉంటాను, లోపల అది రెక్కల చప్పుడుతో ఆవిడ దగ్గరికి పోతుంది.